గారెల కన్వీనరు

అంట్లు తోమడం తప్పించుకోవడానికి మగవాడు ఎంత దూరం వెళతాడో తెలియాలంటే ఉదయ్ భాస్కర్‌ని అడగాలి. ఆయన ఏకంగా సంఘసేవ దాకా వెళ్ళాడు.

అది కరోనా మొదటి ఏడాది, జూలై నెల. లాక్‌డౌన్ ఎత్తేశారు గానీ, నల్లగండ్లలో వాళ్ళుండే అపార్ట్‌మెంటు గేటు పనిమనుషులకి ఇంకా తెరుచుకోలేదు. అసోసియేషన్ ప్రెసిడెంటు వెంకటరామయ్యగారు ప్రభుత్వ ఆఫీసులో సూపరింటెండెంటుగా రిటైరైన మనిషి. ఏ రోగానికైనా ఆయన దగ్గర సర్క్యులరే మందు. పనిమనుషులు లోపలికి రాకూడదని ఒక సర్క్యులర్, వాళ్ళ జీతాలు ఎవరూ ఆపకూడదని ఇంకో సర్క్యులర్ ఇచ్చారు. దాంతో సుబ్బమ్మ తెల్లాపూర్‌లో తన ఇంట్లో కూర్చుని జీతం తీసుకుంటోంది. ఆవిడ పని ఉదయ్ భాస్కర్ చేస్తున్నాడు.

ఉదయ్ భాస్కర్‌ది కాకినాడ. హైటెక్ సిటీలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టీమ్ లీడ్. భార్య రోహిణిది సిద్దిపేట. ఇంకో కంపెనీలో టెస్టర్. అంటే ఆయన ప్రోగ్రాములు రాసేవాడు, ఆవిడ తప్పులు పట్టేది. పెళ్ళయిన పన్నెండేళ్ళలో ఆయన చేసిన ఏ పనీ ఆవిడ దగ్గర మొదటిసారి పాసవలేదు.

తోమిన గిన్నెని ఆవిడ కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకునేది. లోపల వేలితో ఒకసారి రాసి చూసేది. తర్వాత నెమ్మదిగా మళ్ళీ సింకులో పెట్టి “రీఓపెన్” అనేది. సరిచేశామని చెప్పిన తప్పు సరికాలేదని తేలితే టెస్టర్లు ఫైలు తిప్పికొడుతూ వాడే మాట అది. ఆఫీసులో పగలంతా విన్న మాట వంటింట్లో కూడా వినడం ఉదయ్ భాస్కర్ నుదుట రాసి ఉంది.

తప్పించుకోవాలని ఆయన చూడకపోలేదు. ఒకరోజు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, క్లయింటు కాల్ ఉందని చెప్పి, గంటన్నరసేపు గంభీరంగా తలూపుతూ కూర్చున్నాడు. రోహిణి వచ్చి ఆ హెడ్‌ఫోన్ల వైరు చివర పట్టుకుని ఆయన కళ్ళ ముందు పెట్టింది. అది దేనికీ తగిలించి లేదు.

ఆ మంగళవారం సాయంత్రం ప్రశాంతి వీడియో కాల్ చేసింది. ప్రశాంతి రోహిణి చెల్లెలు, ఒక సర్కారు దవాఖానలో స్టాఫ్ నర్సు. నెలన్నరగా ఇంటికి వెళ్ళకుండా హాస్టల్లో ఉంటూ కరోనా వార్డులో డ్యూటీ చేస్తోంది. మాస్కు ఒరుసుకుని ముక్కు మీద చర్మం లేచిపోతే, అక్కడ ప్లాస్టర్ ముక్క అంటించుకుని నవ్వుతోంది.

“పీపీఈ కిట్లు అయిపోయినయక్కా. కొత్తవి రానీకె నెల దాటుతదట. అందాక రెయిన్‌కోట్లు ఏసుకుంటున్నం.”

“రెయిన్‌కోట్లా?”

“నాది గులాబీ రంగుది. మీద బాతు బొమ్మలున్నయ్. పేషెంట్లు నన్ను బాతు సిస్టర్ అంటున్నరు.”

వార్డులో నర్సులూ ఆయాలూ కలిసి ఇరవై నలుగురట. మనిషికి పది కిట్లు దొరికితే ఎట్లనో నెట్టుకొస్తమక్కా అంది ప్రశాంతి. రోహిణి నవ్వుతూనే మాట్లాడి ఫోన్ పెట్టేసింది. తర్వాత వంటింట్లోకి వెళ్ళి, పనేమీ లేకపోయినా పంపు తిప్పి, చాలాసేపు అక్కడే నిలబడింది. ఉదయ్ భాస్కర్‌కి కూడా మనసు కలుక్కుమంది. పెళ్ళిలో బావా బావా అంటూ తన చుట్టూ తిరిగి, అప్పగింతలప్పుడు అక్క కంటే ఎక్కువ ఏడ్చిన పిల్ల అది.

అరగంటలో రోహిణి ఫోన్ల మీద ఫోన్లు చేసింది. ఆవిడ ఆఫీసులో వలంటీర్లు కొందరు బాలానగర్ వైపు కిట్లు కుట్టే ఒక యూనిట్ పట్టుకున్నారు. ఆదివారం సాయంత్రం ఆరులోపు డబ్బు కడితే సోమవారం రెండువందల నలభై కిట్లు ఇస్తానన్నాడు ఓనరు. ఆరు దాటితే సరుకు వేరే ఊరికి పోతుందన్నాడు. డబ్బు ఎట్లా అంటే, రోహిణి చేతిలో ఉన్న విద్య ఒకటే. గారెలు చేసి అపార్ట్‌మెంటులో అమ్ముదామంది. సేవ కోసం కాబట్టి కొంచెం గట్టి ధరే పెట్టింది. రెండు ప్లేట్లు అమ్మితే ఒక కిట్టు.

ఇక్కడ గారె గురించి ఒక మాట చెప్పుకోవాలి. సిద్దిపేటలో గారె అంటే బియ్యప్పిండిలో నువ్వులు, పెసరపప్పు, కరివేపాకు కలిపి, పల్చగా ఒత్తి, కరకరలాడేట్టు నూనెలో కాల్చేది. డబ్బాలో పెడితే పదిహేను రోజులుంటుంది. దాన్ని కాకినాడలో చెక్క అంటారు. కాకినాడలో గారె అంటే మినప్పప్పు రుబ్బి, నడిమధ్య చిల్లు పెట్టి, మెత్తగా వేయించేది. దాన్ని సిద్దిపేటలో వడ అంటారు. పెళ్ళిచూపుల్లో మామగారు “గారెలు తీస్కోండ్రి” అని పళ్ళెం జరిపితే, చూపు పిల్ల మీద, చెయ్యి పళ్ళెంలో పెట్టి ఉదయ్ భాస్కర్ ధీమాగా కొరికాడు. ఆ పన్ను ఇప్పటికీ చన్నీళ్ళు తగిలితే జివ్వుమంటుంది.

గారెల మాట వినగానే ఆయన బుర్రలో దీపం వెలిగింది.

“ఆర్డర్లు తీసుకోవడానికి, నలుగురితో మాట్లాడటానికి ఒక మనిషి ఉండాలి కదా. నేను చూసుకుంటాను. కన్వీనరుగా.”

“మరి అంట్లో?”

“సేవలోకి దిగాక సొంత పనులు కొంచెం పక్కన పెట్టాలి రోహిణీ.”

రోహిణి ఆయన వైపు ఓ క్షణం చూసింది. “సరే. ఆదివారం దాంక అంట్లు నేనే తోముకుంట. మీరు ఆర్డర్లు తెండి. మెసేజ్‌ల గారెలని రాస్తే చాలు.”

పన్నెండేళ్ళలో ఆవిడ దేనికీ ఇంత తేలిగ్గా ఒప్పుకోలేదు. ఆయనకి అక్కడే అనుమానం రావలసింది. కానీ ఆ సమయానికి ఆయన మనసు సింకుకి వీడ్కోలు చెప్పే పనిలో ఉంది.

దవాఖాన సిబ్బందికి కిట్ల కోసం ఆదివారం గారెల అమ్మకమని అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. చివర కన్వీనరు అని సంతకం కూడా చేశాడు. పెట్టిన నిమిషానికి ప్రశ్నలు మొదలయ్యాయి. అప్పుడే ఆఫీసు కాల్ కూడా మొదలైంది, ఈసారి నిజంది. ఒక చెవి క్లయింటుకి ఇచ్చి, ఒక కన్ను ఫోన్‌కి ఇచ్చి ఆయన జవాబులు కొట్టాడు.

అల్లం పచ్చడి ఇస్తారా అని బాలాత్రిపురసుందరిగారు అడిగారు. ఈవిడ వెంకటరామయ్యగారి భార్య. ఆవిడ పేరు మెయింటెనెన్సు రసీదులో ఒక లైనులో పట్టదు. పచ్చడి ఇస్తామన్నాడు. మెత్తగా ఉంటాయా అని అడిగారు. దూదేనన్నాడు. ఎన్ని దినాలు ఆగుతయని ఎ-బ్లాకు లింగమూర్తిగారు అడిగారు. పదిహేను రోజులన్నాడు. కరకరలాడతయా అని అడిగారు. పళ్ళు జాగ్రత్త అన్నాడు.

క్లయింటు ఏమడిగినా ముందు ఔననాలి, తర్వాత సంగతి టీము చూసుకుంటుంది. పదిహేనేళ్ళ ఉద్యోగంలో ఆయన నేర్చుకున్నది అదే. ఇక్కడ టీము ఎవరన్నది ఆయన ఆలోచించలేదు.

ఆ నాలుగు రోజులూ ఆయనకి పండగే. తాగిన కాఫీ కప్పుని సింకులో పడేసి, అది చేసే చప్పుడు వినేవాడు. ఒకే ఒక్క కష్టం పడ్డాడు. గేటు దగ్గరికి వచ్చిన రెండు బస్తాలని ట్రాలీ మీద ఏడో అంతస్తుకి తెచ్చి, వంటింటి బాల్కనీలో దింపి, నడుము పట్టుకుని అరగంట మూలిగాడు. వాటిలో ఏముందో చూడలేదు.

శనివారం పొద్దున బాలాత్రిపురసుందరిగారు గుమ్మానికి రెండు గజాల దూరంలో నిలబడి, పప్పు ఎప్పుడు నానబోస్తున్నారని రోహిణిని అడిగారు. ఏ పప్పు ఆంటీ అంది రోహిణి. మినప్పప్పమ్మా అన్నారావిడ. మా ఆయన పళ్ళ సెట్టుకి మెత్తటి గారె తప్ప పడదు, మీ ఆయన దూదిలా ఉంటాయన్నారు కూడా అని చెప్పి వెళ్ళిపోయారు.

రోహిణి వెనక్కి తిరిగింది. ఉదయ్ భాస్కర్ అప్పటికే ఫోన్ తీసి తన జవాబులు తానే చదువుకుంటున్నాడు. అందులో ఆయన అమ్మిన గారె దూదిలా మెత్తగా ఉండి, పళ్ళు ఊడేంత గట్టిగా ఉండి, అల్లం పచ్చడితో సహా పదిహేను రోజులు నిల్వ ఉండేది. అలాంటి గారెని భూమి మీద ఎవరూ చేయలేదు.

మధ్యాహ్నానికి గ్రూపులో అగ్గి రాజుకుంది. గారె అంటే గట్టిగనే ఉండాలె, మా తాతల కాలంకెళ్ళి గదే గారె, చిల్లుండేదాన్ని వడ అంటరు అని లింగమూర్తిగారు రాశారు. వెంకటరామయ్యగారు ‘గారె యొక్క నిర్వచనము’ అన్న పేరుతో సర్క్యులర్ విడుదల చేశారు. చిల్లు లేనిది గారె కానేరదని అందులో రెండో పేరా. లింగమూర్తిగారి ఎ-బ్లాకు ఒకవైపు, వెంకటరామయ్యగారి డి-బ్లాకు ఒకవైపు నిలబడ్డాయి. ఏ వంటా రాని బ్రహ్మచారులు కూడా పక్షాలు పట్టారు.

“అన్నీ రద్దు చేసి సారీ చెప్పేద్దాం,” అన్నాడు ఉదయ్ భాస్కర్.

“మెత్తటి గారెలకు వచ్చిన ఆర్డర్లు రద్దయితే ఎనభై కిట్లు పోతయ్. అంటే ఎనిమిది మంది. రెయిన్‌కోటు ఎవరెవరు ఏసుకోవాల్నో మీరే ప్రశాంతికి ఫోన్ చేసి చెప్పండి.”

ఉదయ్ భాస్కర్ ఫోన్ కింద పెట్టాడు. ఆ బాతు బొమ్మలు ఆయన కళ్ళలో మెదిలాయి. వేసిన పథకం ఎందుకు వేశాడో గుర్తొచ్చి, మొదటిసారి సిగ్గేసింది.

రోహిణి తన ఫోన్ తీసి గ్రూపులో రాసింది. ‘రేపు రెండూ ఉంటాయి. ఏది ఎక్కువ అమ్ముడుపోతే అదే అసలు గారె. ప్రెసిడెంటుగారు రికార్డులో రాసుకుంటారు.’

ఇక చూసుకోండి. అప్పటిదాకా ఒక ప్లేటు చెప్పినవాళ్ళు మూడు చెప్పారు. లింగమూర్తిగారు సిద్దిపేట గారె పరువు కోసం ఒక్కరే పది పాకెట్లు రాయించుకున్నారు. అది తెలిసి వెంకటరామయ్యగారు పన్నెండు ప్లేట్లన్నారు. ఆ ఇంట్లో ఉండేది ఇద్దరే.

“ఇంతకీ మెత్తటివి ఎవరు చేస్తారు?” అన్నాడు ఉదయ్ భాస్కర్.

“మీరే. గారెలంటే కాకినాడ గారెలని పన్నెండేండ్ల సంది చెప్తనే ఉన్నరు కదా.”

“తినడం గురించి చెప్పాను రోహిణీ. అయినా ఇప్పటికిప్పుడు పదిహేను కిలోల మినప్పప్పు ఎక్కడ దొరుకుతుంది?”

“బాల్కనీల రెండో బస్తా ఇప్పండి.”

ఇప్పాడు. మినప్పప్పే. అదెప్పుడొచ్చింది, ఎందుకొచ్చింది అని అడగాలని కూడా ఆ కంగారులో ఆయనకి తోచలేదు.

ఆదివారం పొద్దున సెల్లార్‌లో కార్లు తీయించి, దూరం దూరంగా పొయ్యిలు పెట్టారు. కరకర గారెలు రోహిణి, ఇంకో ముగ్గురు ఆడవాళ్ళు ముందే చేసి పాకెట్లు కట్టేశారు. మెత్తటి గారెల పొయ్యి ముందు మాస్కు కట్టుకుని ఉదయ్ భాస్కర్ నిలబడ్డాడు. గ్రైండర్ తిరగడం లేదని పాపం పిండిలో నీళ్ళు పోశాడు. కొంచెం ఎక్కువే పోశాడు.

మొదటి గారె నూనెలోకి జారుతూ చిల్లుని దారిలో పోగొట్టుకుంది. రెండోదానికి చిల్లు నిలిచింది గానీ చుట్టూ గారె లేదు. మూడోది నాలుగు ముక్కలై, నాలుగూ నాలుగు దిక్కులకి పోయాయి. వెంకటరామయ్యగారు దూరం నుంచే మెడ సాచి చూశారు.

“ఏమయ్యా, చిల్లేది?”

“లోపల ఉందండి. కొరికితే తెలుస్తుంది.”

అవతల లింగమూర్తిగారు పాకెట్ విప్పి, కావాలని గట్టిగా కరకరలాడించారు. క్యూలో నవ్వులు. ఉదయ్ భాస్కర్ చెమటలు పట్టి పిండి వైపు చూస్తూ నిలబడిపోయాడు. రోహిణి తన పాకెట్ల దగ్గర్నుంచి లేచి వచ్చి, రెండు గిన్నెల బియ్యప్పిండి ఆ మినప్పిండిలో పోసి కలిపింది. బాలాత్రిపురసుందరిగారు ఇక చూడలేక కొంగు దోపుకుని, తప్పుకో నాయనా అని ఆయన్ని పక్కకి జరిపారు. తడి చేతిలో ముద్ద తీసుకుని, బొటనవేలితో చిల్లు పెట్టి, నూనెలో వదిలారు. గారె గుండ్రంగా, చిల్లుతో సహా తేలింది. కాకినాడ గారె పరువు సిద్దిపేట పిండి నిలబెట్టింది.

“ఉత్తినే నిలబడ్డావేం, ఆ బేసిన్లు కడిగెయ్యి,” అన్నారావిడ.

సేవలోకి దిగి అంట్లు తప్పించుకున్న మనిషి అలా సెల్లార్‌లో పంపు దగ్గర గొంతుక్కూర్చుని అపార్ట్‌మెంటు మొత్తం చూస్తుండగా బేసిన్లు తోమాడు. ఆవిడ కళ్ళెదుటే ఉన్నారు కాబట్టి, బాగా తోమాడు.

నాలుగున్నరకి రెండు రకాలూ ఒక్కటి మిగలకుండా అయిపోయాయి. రెండూ అయిపోయాయి కాబట్టి అసలు గారె ఏదో తేలలేదని, దానికి ఒక కమిటీ వేస్తామని వెంకటరామయ్యగారు ప్రకటించారు. ఆ కమిటీ ఇప్పటికీ సమావేశం కాలేదు. రోహిణి మాత్రం లెక్క చూసి నీరసంగా కూర్చుంది. రెండువందల పద్దెనిమిది కిట్లు వచ్చాయి. ఇంకా ఇరవై రెండు కావాలి. పప్పు లేదు, పిండి లేదు, ఆరింటికి గంటన్నర ఉంది.

“ఇద్దరికి సరిపోవు,” అంది. ఆ ఇద్దరూ ఎవరో తనకి తెలిసినట్టే అంది.

ఉదయ్ భాస్కర్ తడి చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. “ఇంకేమైనా అమ్మగలమా? ఏదైనా సరే. నేను చేస్తాను.”

“ఏదైనా?”

“ఏదైనా. ప్రశాంతి మీద ఒట్టు.”

రోహిణి పంపు దగ్గర బోర్లించిన బేసిన్ల వైపు చూసింది. ఒకటి తీసి వెలుతురుకి ఎత్తి పట్టుకుంది. లోపల వేలితో రాసి చూసింది. కింద పెట్టి ఫోన్ తీసింది.

‘మా కన్వీనరు ఉదయ్ భాస్కర్‌గారు కిట్టుకి ఒక పూట చొప్పున మీ ఇంటి అంట్లు తోమి ఇస్తారు. గుమ్మం బయట పెడితే చాలు. నాణ్యతకు పూచీ నాది.’

పదకొండు నిమిషాల్లో ముప్ఫై ఒక్క పూటలు అమ్ముడుపోయాయి. మూడు నెలలుగా సింకు ముందు నిలబడి మగ్గిపోయిన మగాళ్ళందరూ ఎగబడ్డారు. నిన్న గారె కోసం కొట్టుకున్న ఎ-బ్లాకు, డి-బ్లాకు ఈ విషయంలో ఒక్కమాట మీద ఉన్నాయి. గిన్నెలు ఏ వేళకి పెట్టాలో, ఏ వేళకి తీసుకోవాలో వెంకటరామయ్యగారు వెంటనే సర్క్యులర్ ఇచ్చారు. దాని కింద మొదటి పూట తమదేనని బాలాత్రిపురసుందరిగారు రాశారు. ఆరింటికి పది నిమిషాలు ఉందనగా రోహిణి డబ్బు పంపేసింది. అడిగినదానికంటే తొమ్మిది కిట్లు ఎక్కువే.

ఇంటికొచ్చాక ఉదయ్ భాస్కర్ సోఫాలో కూలబడి, చాలాసేపు బాల్కనీలో ఖాళీ బస్తాల వైపు చూశాడు. ఆయన బుర్ర ఆలస్యంగా అయినా పనిచేస్తుంది.

“నా జవాబులు నువ్వు ఎప్పుడు చూశావు?”

“మీరు కొట్టిన నిమిషానికే చూసిన. ఆ పూటనే మినప్పప్పుకు ఆర్డర్ పెట్టిన.”

“మరి తప్పని చెప్పలేదేం?”

“చెప్తే ఒక్క గారెనే అమ్ముడువోతుండె. గిరాకీ తెచ్చే తప్పును ఎవలన్న దిద్దుతరా?”

“అంట్లు నువ్వే తోముతానని అంత సులువుగా ఒప్పుకున్నప్పుడే నాకు తెలియాల్సింది.”

“నాలుగు దినాలే కదా అని ఒప్పుకున్న,” అంది రోహిణి. “మీయి ముప్ఫై ఒక్క పూటలు.”

మంగళవారం సాయంత్రం ఆయన సింకు ముందు మోచేతుల దాకా నురగతో ఉండగా ప్రశాంతి ఫోన్ చేసింది. రోహిణి ఫోన్ తెచ్చి ఆయన ఎదురుగా పంపుకి ఆనించి పెట్టి హాల్లోకి వెళ్ళింది. తెరలో తల నుంచి కాళ్ళ దాకా తెల్లటి కిట్లలో ఆరుగురు నిలబడి ఉన్నారు. ఎవరెవరో తెలియడం లేదు. మధ్యలో ఉన్న మనిషి చెయ్యి ఊపింది.

“గిన్నె కింద పెట్టి జర ఇటు చూడు బావా. అందరం ఒక్కతీరుగ ఉన్నమని వీపు మీద పేర్లు రాసుకున్నం.”

ఆరుగురూ వెనక్కి తిరిగారు. నల్ల మార్కరుతో పేర్లు రాసి ఉన్నాయి. చివర ఉన్న ఆయా నీలమ్మ పేరు పక్కన పువ్వు కూడా వేసుకుంది. ప్రశాంతి వీపు మీద ఒక బాతు బొమ్మ. బాతు లేకపోతే పేషెంట్లు గుర్తుపట్టడం లేదట. బాతు కింద ‘మా బావ తోమి పంపిన కిట్టు’ అని రాసి ఉంది.

ఉదయ్ భాస్కర్ ఏదో జోకు వేద్దామనుకున్నాడు. ముంజేత్తో కళ్ళు తుడుచుకోబోతే ఉన్న నురగ కాస్తా కళ్ళలో పడింది. అది మంచిదే అయింది, కళ్ళెందుకు ఎర్రబడ్డాయో ఎవరికీ చెప్పుకోనక్కరలేకపోయింది. జాగ్రత్తమ్మా అని మాత్రం అన్నాడు. రెండుసార్లు అన్నాడు.

ఫోన్ ఆగాక బాలాత్రిపురసుందరిగారి పాయసం గిన్నె మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. అడుగు బాగా మాడి ఉంది. పావుగంట రుద్ది, కడిగి, కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకున్నాడు. లోపల వేలితో ఒకసారి రాశాడు. అంచు దగ్గర చిన్న మరక తగిలింది. వెనక్కి తిరిగి చూశాడు. రోహిణి హాల్లో ఉంది, ఇటు చూడటం లేదు.

“రీఓపెన్,” అనుకుని, గిన్నెని తనే మళ్ళీ సింకులో పెట్టాడు.